నొర్లాండు రంపపు మిల్లులు: గ్రామములు తెలిసికొనదగిన సంగతులు

అడవి ప్రక్కనున్న గ్రామములలో ఒక మాట తరచుగా వినవచ్చుచుండును. "చెట్లు మన యొద్దనే యున్నవి. దుంగలు లారీల కెక్కి పట్టణమునకు పోవుచున్నవి. అక్కడ పలకలై, ద్వారబంధములై, హెచ్చు వెలకు మరల మన యిండ్లకే వచ్చుచున్నవి. ఆ కోత యేదో ఇక్కడనే జరిగిన నేమి?" ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి వెంటనే ఔననిగాని కాదనిగాని చెప్పుటకు పూర్వము, ఇదే ప్రశ్నను నూటడెబ్బది యేండ్ల క్రిందట ఎదుర్కొన్న వేరొక దేశపు పల్లెల అనుభవమును మనము పరిశీలింతము. ఆ దేశము స్వీడన్. అందును దాని యుత్తర భాగమగు నొర్లాండు.

స్వీడన్ భూమిలో దాదాపు మూడింట రెండు పాళ్ళు అడవియే. నొర్లాండు ఆ దేశ వైశాల్యములో సగమునకు మించినది. జనము మాత్రము మిక్కిలి పలుచన. పడమట పర్వతములు, తూర్పున బోత్నియా సింధుశాఖ. పర్వతములలో పుట్టిన నదులు అడవులగుండ ప్రవహించి ఆ సముద్రమున కలియును. చెట్లలో ముఖ్యమైనవి రెండు జాతులు, పైను, స్ప్రూసు. రెండును మన హిమాలయపు దేవదారు కుటుంబములోనివే. చలికాలమున నేలయంతయు మంచు కప్పియుండును. ధ్రువవృత్తమునకు ఉత్తరమున నడిచలికాలములో కొన్ని దినములు సూర్యుడు ఉదయింపనే యుదయింపడు. ఇట్టి నేలలో చెట్టు పెరుగుట బహు నెమ్మది. పైను చెట్టు కోతకు వచ్చుటకు నూరేండ్లు, కొన్నియెడల అంతకు మించియు పట్టును. తాత నాటిన మొక్కను మనుమడు కోయుట అక్కడ సాధ్యము కాదు. మునిమనుమని వరకు ఆగవలెను. ఈ యొక్క సంగతిని గుర్తుంచుకొనినచో తరువాతి కథ యంతయు బోధపడును.

తొలినాటి మిల్లులు నీటి బలముచే నడిచెడివి. ఏటిలో జలపాతమున్న చోట చక్రము నమర్చి, దానికి నిలువు రంపమును తగిలించి దుంగను కోసెడివారు. ఈ పద్ధతిలో రెండు చిక్కులు. చలికి ఏరు గడ్డకట్టినచో చక్రము నిలిచిపోవును. జలపాతమున్న చోటనే మిల్లు ఉండవలెను గాని ఓడ వచ్చు చోట మిల్లు ఉండుటకు వీలులేదు. 1849లో సుండ్స్వాల్ పట్టణ సమీపమున టూనదాల్ అను చోట స్వీడన్ దేశపు మొదటి ఆవిరి రంపపు మిల్లు నెలకొల్పబడెను. దానితో మిల్లు జలపాతమును విడిచి సముద్రపు టొడ్డునకు దిగివచ్చెను. ఇందులో మెచ్చదగిన యుక్తి ఒకటి కలదు. ఆవిరి యంత్రమునకు బొగ్గు కొనవలసిన పని లేదు. దుంగ కోయగా మిగిలిన పక్కచెక్కలు, బెరడు, రంపపు పొట్టు ఇవియే దాని బాయిలరుకు మేత. అనగా మిల్లు తన చెత్తను తానే తిని బ్రతికెడిది.

అదే కాలమున ఇంగ్లండు పరదేశపు కలపపై సుంకమును 1842 మొదలుకొని తగ్గించుచు వచ్చి 1866లో పూర్తిగా తీసివేసెను. అచ్చట ఇండ్లు, రైలుమార్గములు, కర్మాగారములు ముమ్మరముగా నిర్మాణమగుచుండెను. వాటికి పలకలు కావలెను. నొర్లాండున పలకలున్నవి. కొలది దశాబ్దములలో సుండ్స్వాల్ చుట్టుప్రక్కల పదులకొలది మిల్లులు వెలసినవి.

దుంగ యొక్క ప్రయాణము వినదగినది. చలికాలమున చెట్లను నరికెడివారు. ఆ కాలమున కలపలో బూజు గాని పురుగు గాని చేరదు. గడ్డకట్టిన నేలపై గుఱ్ఱపు జారుడుబండ్లతో దుంగలను సులువుగా ఏటి యొడ్డునకు చేర్చవచ్చును. వసంతమున మంచు కరిగి వరద వచ్చినప్పుడు దుంగలను ఏటిలోనికి త్రోసెడివారు. ఒక యేటిలో పలువురి దుంగలు కలిసి వచ్చును గనుక ప్రతి దుంగ మీదను యజమాని గుర్తును గొడ్డలితో చెక్కి యుంచెడివారు. నదీముఖము నొద్ద పెద్ద దడులు కట్టి, గుర్తులు చూచి, ఎవరి దుంగలను వారికి వేరుచేసెడివారు. గోదావరిలో దుంగలను తెప్పలు కట్టి రాజమహేంద్రవరమునకు దింపిన సంగతి ఎరిగిన మనవారికి ఈ పని క్రొత్త కాదు. స్వీడన్ నదులలో దుంగలను తేల్చుట 1991లో క్లార్ నదితో ముగిసినది. ఇప్పుడు అంతయు లారీల మీదను, రైళ్ళ మీదను జరుగుచున్నది.

ఈ ప్రయాణములోనే వ్యాపారపు కీలకము దాగియున్నది. చలికాలమున నరకుకూలి ఇచ్చితిమి. వసంతమున తేలించితిమి. వేసవిలో కోసి, పలకలను దొంతులు పేర్చి గాలికి ఆరబెట్టితిమి. ఉత్తరపు రేవులు చలికి గడ్డకట్టక ముందే ఓడ కెక్కించవలెను. లేనిచో సరకు మరుసటి వసంతము వరకు ఒడ్డుననే పడియుండును. అనగా చేతినుండి పోయిన మొదటి రూపాయి తిరిగి వచ్చుటకు ఏడాది, కొన్ని వేళల అంతకంటె ఎక్కువయు పట్టును. అంతకాలము డబ్బును నిలువ పెట్టగల వానికే మిల్లు సాధ్యము. అందుచేతనే మిల్లు పల్లెవాని చేతిలో నిలువక పట్టణపు వర్తకుని చేతిలోనికిని, కంపెనీ చేతిలోనికిని పోయెను. ఇది ఎవరి కుట్రయు కాదు. పెట్టుబడి యొక్క స్వభావము. రంపము కొనుటకు డబ్బు చాలును గదా అని మిల్లు ప్రారంభించు వారు ఈ ఏడాది ఖర్చును లెక్కలో చేర్చుట మరచుచుందురు.

ఇక అసలు విషయమునకు వత్తము. మిల్లులకు దుంగలు కావలెను. దుంగలు రైతుల యడవులలో నున్నవి. అంతకు పూర్వము నొర్లాండు రైతునకు తన యడవి వలన వంటచెరకు, ఇంటికలప, పశువుల మేత తప్ప వేరు లాభము అంతగా లేకుండెను. పంతొమ్మిదవ శతాబ్దమున ప్రభుత్వము తన అడవికిని గ్రామముల అడవికిని హద్దులు నిర్ణయించి, రైతుల కమతములకు విశాలమైన అడవులను కేటాయించెను. కాని రైతు దృష్టిలో ఆ యడవికి విలువ లేదు. కంపెనీ ప్రతినిధి వచ్చి, చెట్లు నరకుకొను హక్కు మాత్రము మాకిండు, భూమి మీదే, ఇల్లు మీదే, ఇదిగో రొక్కము అనినప్పుడు అది రైతునకు ఊరక వచ్చిన ధనము వలె తోచెను. పలువురు సంతకములు చేసిరి.

ఆ ఒప్పందములలో రెండు మెలికలు కలవు. పంచాయతీ సభ్యులు దీనిని నిదానముగా చదువవలెనని మా కోరిక. మొదటిది గడువు. నరకు హక్కును యాబది యేండ్ల వరకును వ్రాయించుకొను వీలుండెను. రెండవది చెట్టు పరిమాణము. ఫలానా మందమునకు మించిన చెట్లన్నియు కొనువానివి అని వ్రాసెడివారు. సంతకము చేయు నాడు రైతు తన యడవిని కన్నులార చూచి, ఆ మందమునకు మించిన చెట్లు ఇన్ని గలవని లెక్కించుకొనెను. కాని యాబది యేండ్లలో నేటి సన్నచెట్టు లావగును. అదియు కొనువానిదే. దాని తరువాతిదియు అట్లే. ఒకసారి చెట్లు అమ్మితినని తలచినవాడు నిజముగా రెండు తరముల పెరుగుదలను అమ్ముకొనెను. ఇప్పుడున్న వస్తువును మాత్రమే అమ్ముచున్నామా, లేక ఇకమీద పుట్టబోవు వస్తువును కూడ అమ్ముచున్నామా అన్నది కాగితములో తేటగా లేనిచో లాభము ఎప్పుడును కొనువానిదే.

హక్కు అమ్మిన పిదప పలువురు కమతములనే కంపెనీలకు అమ్మివేసి, తాము పుట్టిన యింటిలోనే కంపెనీకి కౌలుదారులైరి. అడవిలో కోతకూలి చేయుటయు, కంపెనీ పొలమును కౌలుకు దున్నుటయు వారి బ్రతుకుతెరువయ్యెను. ఇది నొర్లాండు సమస్య యను పేర స్వీడన్ పార్లమెంటులో ఏండ్ల తరబడి చర్చకు వచ్చినది.

ప్రభుత్వపు అడవులకును ముప్పు తప్పలేదు. ఊమె నది యొడ్డున బగ్బోలె అను గ్రామము కలదు. అచ్చటి మిల్లునకు ప్రభుత్వపు అడవులనుండి దుంగలు అక్రమముగా చేరుచున్నవని పందొమ్మిదవ శతాబ్దపు నడుమ అభియోగములు వచ్చి వ్యాజ్యములు నడచినవి. ఆ మిల్లు 1884లో మూతపడినది. గ్రామపు పేరు మాత్రము మిగిలినది. అడవిని దోచుకొనుటకు స్వీడిష్ భాషలో నేటికిని ఆ గ్రామనామమునుండి పుట్టిన మాటనే వాడుదురు. పాపము, గ్రామస్థులు చేసిన తప్పేమియు లేకయే తమ యూరి పేరు నిఘంటువున కెక్కినది.

మిల్లులో పనిచేయు కూలీల స్థితి వేరొక యధ్యాయము. 1879లో కలపధరలు పడిపోగా సుండ్స్వాల్ ప్రాంతపు యజమానులు కూలిరేట్లను తగ్గించిరి. మే నెల చివర దాదాపు 5,000 మంది కూలీలు పని మానిరి. స్వీడన్ చరిత్రలో తొలి పెద్ద సమ్మెలలో ఇది యొకటి. ప్రభుత్వము సైనికులను పంపెను. కూలీలు ఉండిన యిండ్లు మిల్లు యజమానులవే గనుక సమ్మె చేసినవారిని కుటుంబములతో కూడ ఇల్లు వెడలగొట్టుట సులువయ్యెను. కొలది దినములలో, కోరినదేమియు పొందకయే కూలీలు తిరిగి పనికి పోవలసివచ్చెను. పనియు, ఇల్లును ఒకే యజమాని చేతిలో నున్న యూరిలో బేరమాడు శక్తి కూలివానికి ఎంతటిదో దీనినిబట్టి ఊహింపవచ్చును. 1888 జూన్ 25న సుండ్స్వాల్ పట్టణము అగ్నికి ఆహుతియైనది. అదే దినమున ఊమెయో పట్టణము కూడ కాలిపోయినది. కొయ్య యిండ్ల పట్టణములు, పొడి వేసవి, గాలి. ఆ పిమ్మట సుండ్స్వాల్ నడిబొడ్డును ఇటుకతోను రాతితోను కట్టిరి.

చట్టము నెమ్మదిగా మేల్కొనెను. 1889లో నరకు హక్కు గడువును యాబది యేండ్లనుండి ఇరువది యేండ్లకు కుదించిరి. 1905లో దానిని అయిదేండ్లకు తగ్గించిరి. 1903లో వచ్చిన అటవీ సంరక్షణ చట్టము, చెట్లు నరికినవాడు మరల అడవి పెరుగునట్లు చూడవలెనని విధించెను. ఉత్తరపు కొన్ని జిల్లాలకు మాత్రము వేరు నిబంధనలుండెను. 1906లో నొర్లాండున కంపెనీలు రైతుల భూములను కొనరాదని శాసనమయ్యెను. ఈ సంవత్సరములను వరుసగా చూచినచో ఒక సంగతి తెలియును. టూనదాల్ మిల్లు వెలసిన 1849కిని, భూమి అమ్మకమును ఆపిన 1906కిని నడుమ యాబదియేడు సంవత్సరములు గడచినవి. ఆ లోపల చేయి మారిన అడవి తిరిగి రాలేదు. నేటికిని నొర్లాండున పెద్ద కంపెనీల క్రింద విశాలమైన అడవులున్నవి.

అయినను కొన్ని గ్రామములు తప్పించుకొన్నవి. అడవిని పంచి యిచ్చునప్పుడే కొన్ని ప్రాంతములలో ప్రభుత్వము ఒక జాగ్రత్త తీసికొనెను. గ్రామమునకు రావలసిన అడవిలో ఒక భాగమును ఏ రైతునకును విడిగా ఈయక ఉమ్మడిగా ఉంచెను. 1861 మొదలుకొని నొర్‌బొట్టెన్, వెస్తెర్‌బొట్టెన్ జిల్లాలలోను, దలార్నా ప్రాంతమునను ఇట్టి ఉమ్మడి అడవులు ఏర్పడినవి. ఇవి నేటికిని నడచుచున్నవి. వీటి ఏర్పాటు ఇట్టిది: వాటా మనిషికి గాక కమతమునకు చెందును. సభ్యులు సభ కూడి పాలకవర్గము నెన్నుకొందురు. అటవీ విద్య నేర్చిన ఉద్యోగి నుంచుకొందురు. ఏటి కోత ఎంతయో ముందుగా వేసికొన్న ప్రణాళిక ప్రకారము నిర్ణయింతురు. వచ్చిన ఆదాయములో కొంత అడవి పెంపకమునకు, కొంత రోడ్లకును గ్రామ ప్రయోజనములకును, కొంత సభ్యులకు పోవును. ఇందులోను లోపము లేకపోలేదు. వాటా కమతము ననుసరించును గనుక, కమతమును కొన్న కంపెనీ కూడ ఉమ్మడి అడవిలో సభ్యురాలై కూర్చుండెను. కంచె కట్టినవారు ద్వారమును మూయ మరచిరని చెప్పవచ్చును.

తక్కిన రైతులు ఇరువదవ శతాబ్దమున సహకార సంఘములుగా చేరిరి. ఒంటరి రైతు కంపెనీతో బేరమాడలేడు. వేలమంది కలిసినచో ఆడగలరు. అంతేగాక సంఘములు తామే రంపపు మిల్లులను నడుపుచున్నవి. ఉత్తరమున రెండు పెద్ద సంఘములు 2020లో ఒకటియై నొర్రా స్కోగ్ అను పేర పనిచేయుచున్నవి. మొదట మనము వేసికొన్న ప్రశ్నకు నొర్లాండు పల్లెలు కనుగొన్న జవాబులలో ఇది ముఖ్యమైనది. మిల్లు గ్రామమునకు దగ్గరగా నున్నంత మాత్రమున గ్రామము బాగుపడలేదు. దుంగను అమ్మువాడే మిల్లులో భాగస్వామి యైనప్పుడు బేరము మారినది.

ఇప్పుడు కొలతను గూర్చి కొంచెము చెప్పవలెను. ఇది చిన్న విషయముగా తోచును గాని రైతు నష్టపోవు తావు ఇదియే. దుంగ ఘనపరిమాణము దాని మందముయొక్క వర్గము ననుసరించి పెరుగును. 30 సెంటీమీటర్ల మందము, 5 మీటర్ల పొడవు గల దుంగలో సుమారు 0.353 ఘనమీటరు కలప యుండును. అదే దుంగను 29 సెంటీమీటర్లని వ్రాసినచో 0.330 మాత్రమే వచ్చును. ఒక్క సెంటీమీటరు తగ్గించుటచే నూటికి ఆరున్నర వంతులు పోయినవి. టేపు పట్టుకొన్నవాడు బెరడు పైననా లోపలనా, లావు కొననా సన్న కొననా కొలిచినది కూడ అడుగవలెను. స్వీడనున ఈ తగవును తీర్చుటకై కొనువానికిని అమ్మువానికిని లోబడని మధ్యస్థ కొలత సంఘములను ఏర్పరచుకొనిరి. దుంగ మిల్లు గుమ్మము దాటక మునుపే ఆ మధ్యస్థుడు కొలిచి నాణ్యము వ్రాయును; ఇరువురును దానికి కట్టుబడుదురు.

రంపము వలన పోవునది వేరొకటి. రంపపు పండ్లు నడచిన దారి యంతయు పొట్టుగా మారును. గుండ్రని రంపపు బిళ్ళ ఒక్కొక్క కోతకు 5, 6 మిల్లీమీటర్ల కలపను పొట్టు చేయును. పట్టీరంపము 2 మిల్లీమీటర్లకు కొంచె మెక్కువగా మాత్రమే తినును. ఒక దుంగను పది కోతలు కోసితి మనుకొందము. మొదటిదానితో 60 మిల్లీమీటర్లు, రెండవదానితో ఇరువది యయిదు లోపు పోవును. భేదము సుమారు 35 మిల్లీమీటర్లు; అనగా అంగుళపు పలక యొకటి. పది కోతలకొక పలక పొట్టులో పోవుచున్నదని తెలిసినచో యంత్రము కొనునప్పుడు వెల యొక్కటియే చూడరు. ఎంత మంచి రంపమైనను, గుండ్రని దుంగనుండి చదరపు పలక తీయుచున్నాము గనుక దుంగలో దాదాపు సగమే కోతకలపగా వచ్చును. మిగిలిన సగమును ఏమి చేయవలెనో ముందు తెలియనిదే మిల్లు లెక్క తేలదు. స్వీడనున పక్కచెక్కలు ముక్కలై కాగితపు గుజ్జు కర్మాగారములకు పోవును. పొట్టును అదిమి గుళికలుగా చేసి ఇండ్లను వెచ్చచేయుటకు వాడుదురు. బెరడు పలకల నారబెట్టు గదులకు వేడి నిచ్చును. తొలి ఆవిరి మిల్లు నేర్పిన పొదుపు నేటికిని నడచుచున్నది.

ఇప్పుడు ఆ దేశమున ఏటికి అయిదు లక్షల ఘనమీటర్లకు పైగా కోయు మిల్లులు కలవు. టూనదాల్ నందు నేటికిని మిల్లు నడచుచున్నది. ఇట్టి వాటితో ధరలో పోటీ పడజూచు చిన్న మిల్లు నిలువదు. చిన్న మిల్లు వారు వేరు దారి పట్టిరి. యంత్రమును చక్రముల మీద నెక్కించి రైతు పెరటిలోనికే తీసికొనిపోయి, అతని చెట్టునే అతనికి కోసి యిచ్చి, కూలి తీసికొందురు. దుంగలు కొని నిలువ పెట్టవలసిన పని లేదు గనుక ముందు చెప్పిన ఏడాది పెట్టుబడి బాధ చాలవరకు తప్పును. మెల్లగా పెరిగిన ఉత్తరపు పైనులో వలయములు దట్టముగా నుండును. పాత యిండ్ల మరమ్మతునకు, కిటికీలకు అట్టి కలపను వెదకికొని వచ్చువారు కలరు. పెద్ద మిల్లు కోయని కొలతలు కోసి యిచ్చుటయే చిన్న మిల్లునకు బలము. చలికాలపు చిక్కులు మాత్రము వదలవు. గడ్డకట్టిన దుంగ గట్టిపడి రంపమును పెడదారి పట్టించును. పండ్ల పదునును వాలును మార్చవలెను. వేసవిలో దుంగలు ఎండి నీలిమచ్చ పట్టకుండ నీళ్ళు చల్లుచుండవలెను.

మన దేశపు నిబంధనలు వేరు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, అడవిలో కేంద్ర ప్రభుత్వ పూర్వానుమతి లేక రంపపు మిల్లు నడుపరాదని ఆదేశించెను. అడవి వెలుపల పెట్టు మిల్లునకును లైసెన్సు విషయమై అటవీశాఖ వారి నిబంధనలు కలవు. కావున మిల్లు కొరకు తీర్మానము వ్రాయ తలపెట్టిన పంచాయతీ మొదట పోవలసినది యంత్రములమ్ము దుకాణమునకు గాక అటవీశాఖ కార్యాలయమునకు.

నొర్లాండు విషయమున ఇంకొక సంగతి మిగిలియున్నది. ఆ యడవిలో రైతునకు మునుపే సామీ జాతివారు కలరు. వారిలో పలువురికి రెయిన్‌డీరు మందల పోషణ జీవనాధారము. చలికాలమున ఆ పశువులు మంచును కాళ్ళతో త్రవ్వి నేలమీది లైకెనులను మేయును. మంచు పైపొర గట్టిపడి త్రవ్వ వీలులేనప్పుడు ముదురు చెట్ల కొమ్మలనుండి జీరాడు లైకెనులే దిక్కు. ఆ ముదురు చెట్లే మిల్లునకును కావలెను. లేత అడవిలో అట్టి మేత పెరుగుటకు దశాబ్దములు పట్టును. కంపెనీ లెక్కలో అది నరికి నాటిన అడవి. మందకాపరి లెక్కలో అది మేతలేని బీడు. కొన్ని ప్రాంతములలో పెద్దయెత్తున నరకుటకు ముందు మందకాపరుల గ్రామసంఘముతో సంప్రదింపవలెనను నియమము ఏర్పడినది. సంప్రదింపు జరుగుచున్నది, తగవులును జరుగుచున్నవి. ఏ చెట్లు నిలుపవలెనో, ఏ దారిన మంద నడచునో పటము ముందుంచుకొని ఇరుపక్షములవారును చలికాలపు కోతకు ముందు కూర్చుండుచున్నారు.